తొలి భూమి ఖనిజాల్లో చిక్కిన సేంద్రియ అణువులు: అవి ఆ కాలానివేనని ఎలా తేలుస్తారు?

ఎం.ఎస్‌సి. భూగర్భశాస్త్రం చివరి ఏడాది చదువుతున్న మీరు మూడు సంగతులు అడిగారు. భూమి తొలి యుగాల నాటి ఖనిజాల్లో సేంద్రియ అణువులు వందల కోట్ల ఏళ్లు చెడిపోకుండా ఎలా నిలుస్తాయన్నది మొదటిది. దొరికిన అణువు ఆ కాలానిదేనని పరిశోధకులు ఎలా రుజువు చేస్తారన్నది రెండోది. కడప ప్రాంతపు రాళ్ల మీద ఇలాంటి పని మొదలుపెట్టవచ్చా అన్నది మూడోది. పురాతన శిలల్లోని కర్బన పదార్థం మీద చాలాకాలంగా పనిచేస్తున్నవాణ్ని కాబట్టి తెలిసినంత వివరంగా చెబుతాను. రెండో ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ రంగంలో పేరున్న శాస్త్రవేత్తలు సైతం తడబడింది అక్కడే.

రాతిలో సేంద్రియ అణువును కనిపెట్టడం నేటి పరికరాలకు పెద్ద పని కాదు. ఏ రాయిని పొడిచేసి ద్రావణిలో నానబెట్టినా ఏదో ఒక హైడ్రోకార్బన్ బయటపడుతుంది. ఆ అణువు రాతిలోకి ఎప్పుడు చేరింది, చేరిన తర్వాత బయటి ప్రపంచంతో దానికి సంబంధం పూర్తిగా తెగిపోయిందా లేదా అని తేల్చడంలోనే కష్టమంతా ఉంది. ఆ సంగతి అణువు చెప్పదు, దాన్ని పట్టుకుని ఉన్న ఖనిజం చెబుతుంది. అందుకే ఈ పనిలోకి వచ్చే విద్యార్థులకు నేను మొదట చెప్పేది ఒకటే: ఖనిజం ఎప్పుడు స్ఫటికమైంది, ఎంత వేడికి గురైంది, ఎన్నిసార్లు పగిలి మళ్లీ అతుక్కుంది అన్న చరిత్ర పూర్తిగా చదివిన తర్వాతే అణువు జోలికి వెళ్లండి.

ఏ అణువు ఎంతకాలం నిలుస్తుందో ముందుగా ఒక అంచనా ఉండాలి. గ్రీన్‌లాండ్ ఉత్తర కొసన కాప్ కోబెన్‌హావ్న్ నిక్షేపాల నుంచి తీసి 2022లో ప్రకటించిన డీఎన్‌ఏ సుమారు 20 లక్షల ఏళ్ల నాటిది. అక్కడి చలి ఎంత తోడ్పడిందో, బంకమట్టి, క్వార్ట్జ్ రేణువులకు ఆ డీఎన్‌ఏ అంటిపెట్టుకుని ఉండడమూ అంతే తోడ్పడింది. టాంజానియాలోని లేటోలీలో దొరికిన 38 లక్షల ఏళ్ల నాటి ఉష్ట్రపక్షి గుడ్డు పెంకులో చిన్న ప్రోటీన్ ముక్క ఒకటి మిగిలింది. వేడి ప్రాంతంలో అది మిగలడానికి కారణం, ఆమ్ల గుణం గల అమైనో ఆమ్లాలు ఎక్కువగా ఉన్న ఆ ముక్క కాల్సైట్ ఉపరితలాన్ని గట్టిగా పట్టుకుని ఉండడమే. ఇంకా వెనక్కు వెళ్తే, మారిటేనియాలోని తావుదెని బేసిన్ నల్ల షేల్ నుంచి 110 కోట్ల ఏళ్ల నాటి పోర్ఫిరిన్ వర్ణకాలు గులాబీ రంగుతోనే ద్రావణిలోకి వచ్చాయి. ఆస్ట్రేలియాలోని బార్నీ క్రీక్ శిలల్లో 164 కోట్ల ఏళ్ల నాటి జీవసూచక హైడ్రోకార్బన్లు ఉన్నాయి. అంతకు ముందు కాలానికి చెందిన శిలల్లో విడి అణువులు దాదాపు మాయమవుతాయి. ఏ ద్రావణిలోనూ కరగని కెరోజెన్ మిగులుతుంది. శిల మరింత ఉడికితే కెరోజెన్‌లోని హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్ వెళ్లిపోయి గ్రాఫైట్ మాత్రమే మిగులుతుంది. కాబట్టి 350 కోట్ల ఏళ్ల శిలలో అణువులు అంటే రెండే అర్థాలు చెప్పుకోవాలి. కెరోజెన్‌ను ఇంకా అంటిపెట్టుకుని ఉన్న కొన్ని రసాయన సమూహాలు ఒకటి, స్ఫటికం లోపలి మూసుకుపోయిన గుల్లల్లో చిక్కుకున్న చిన్న చిన్న అణువులు రెండోది. డీఎన్‌ఏ, ప్రోటీన్ వంటివి ఆ వయసు శిలలో దొరికాయని ఎవరైనా అంటే, ఆ మాటను నమ్మకుండా పక్కన పెట్టవచ్చు.

ఇక ఖనిజాలు అణువులను ఎలా కాపాడతాయో చూద్దాం. అందరికీ ముందుగా గుర్తొచ్చేది బంకమట్టి ఖనిజాలే. తొలి సముద్రాల్లోని సేంద్రియ అణువులను బంకమట్టి పోగుచేసి ఉంటుందన్న ఆలోచనను జె. డి. బెర్నాల్ 1951లో ప్రచురించారు. తర్వాత జేమ్స్ ఫెరిస్ బృందం మాంట్‌మోరిలొనైట్ అనే బంకమట్టి మీద చైతన్యవంతం చేసిన న్యూక్లియోటైడ్‌లను (ఆర్‌ఎన్‌ఏ గొలుసులోని విడి యూనిట్లను) పదేపదే అందించి, దాదాపు 50 యూనిట్ల పొడవున్న గొలుసులు తయారవుతాయని 1996లో చూపింది. ఈ ఖనిజపు పొరల మీద రుణ విద్యుదావేశం ఉంటుంది. పొరల మధ్య కాల్షియం, మెగ్నీషియం వంటి ధన అయాన్లు వంతెనలా నిలిచి, కార్బాక్సిల్, ఫాస్ఫేట్ సమూహాలున్న అణువులను బంధిస్తాయి. ఒక నానోమీటరు పరిధిలో ఉండే ఆ సందులోకి ఎంజైములు చొరబడలేవు, నీరు కూడా స్వేచ్ఛగా కదలలేదు. అణువు కుళ్లకుండా నిలవడానికి అది మంచి చోటే.

అయితే ఆ చోటు శాశ్వతం కాదు. ఈ విషయాన్ని చాలా వ్యాసాలు దాటవేస్తాయి. అవక్షేపం లోతుకు పూడుకుపోయి ఉష్ణోగ్రత సుమారు 80 నుంచి 150 డిగ్రీలకు చేరేసరికి స్మెక్టైట్ రకం బంకమట్టి ఇల్లైట్‌గా మారుతుంది. ఆ మార్పులో పొరల మధ్య ఉన్న నీరూ, దానితోపాటు అణువుల్లో చాలా భాగమూ తడిబట్టను పిండినట్టు బయటికి పోతాయి. పైగా ఆమ్ల గుణం గల బంకమట్టి ఉపరితలాలు వేడిలో కొన్ని అణువులను విరగ్గొట్టే ఉత్ప్రేరకాలుగా కూడా పనిచేస్తాయి. నాకు తెలిసినంతలో, అణువులను మొదట పోగుచేయడంలో బంకమట్టి పాత్ర గొప్పది కానీ, వందల కోట్ల ఏళ్ల భద్రతకు అదొక్కటే చాలదు. ఇనుము ఖనిజాల సంగతీ దాదాపు ఇంతే. నేటి సముద్ర అవక్షేపాల్లోని సేంద్రియ కర్బనంలో ఐదో వంతుకు పైగా ఇనుముతో ముడిపడి ఉందని 2012లో వచ్చిన కొలతలు చెప్పాయి. ఆక్సిజన్ లేని ఆర్కియన్ (250 కోట్ల ఏళ్ల కిందట ముగిసిన తొలి యుగం) సముద్రాల్లో ఫెర్రస్ ఇనుము పుష్కలంగా ఉండేది కాబట్టి అప్పుడు ఈ బంధం మరింత ముఖ్యమై ఉండాలి. కానీ తొలుత ఏర్పడిన ఫెర్రిహైడ్రైట్ వంటి ఖనిజాలు కాలక్రమంలో హెమటైట్‌గానో మాగ్నటైట్‌గానో మారిపోతాయి. ఆ మార్పులో అవి పట్టుకున్న కర్బనం ఆక్సీకరణం చెందుతుంది లేదా చెదిరిపోతుంది.

సిలికా కథ వేరు. నేటి సముద్రంలో డయాటములు, రేడియోలేరియన్లు, స్పాంజి జీవులు సిలికాను ఎప్పటికప్పుడు తీసేసుకుంటాయి. ఆర్కియన్ యుగంలో ఆ జీవులేవీ లేవు కాబట్టి సముద్రపు నీటిలో సిలికా సంతృప్త స్థితికి దగ్గరగా ఉండేది, వేడినీటి బుగ్గల దగ్గర జెల్‌లా గడ్డకట్టేది. ఆ జెల్‌లో మునిగిన సూక్ష్మజీవి కుళ్లిపోయేలోపే చుట్టూ రాయి బిగుసుకుపోతుంది. ఇది ఊహ మాత్రమే కాదని ప్రయోగాలు నిరూపించాయి. సూక్ష్మజీవులను సిలికాతో కలిపి, కలపకుండా, 250 డిగ్రీల వేడిలో నెలల తరబడి ఉంచిన జూలియన్ అలియోన్, సిల్వాన్ బెర్నార్ బృందం, సిలికాలో పాతుకుపోయినవాటి రసాయన నిర్మాణం తక్కువగా దెబ్బతిందని చూపింది. ఇదే బృందం 188 కోట్ల ఏళ్ల నాటి గన్‌ఫ్లింట్ చెర్ట్ (సిలికాతో ఏర్పడిన గట్టి శిల) లోని సూక్ష్మశిలాజాలను సింక్రోట్రాన్ ఎక్స్-కిరణాలతో పరిశీలించి, వాటిలో అమైడ్ సమూహాల జాడలు ఇంకా మిగిలి ఉన్నాయని 2016లో ప్రకటించింది. అమైడ్ అంటే ప్రోటీన్లలో అమైనో ఆమ్లాలను కలిపే బంధం. ప్రోటీన్ మిగలకపోయినా దాని శిథిలాల రసాయన గుర్తు మిగిలిందన్నమాట. తర్వాత 340 కోట్ల ఏళ్ల నాటి స్ట్రెల్లీ పూల్ సూక్ష్మశిలాజాల కర్బనాన్ని కూడా వాళ్లు ఇదే పద్ధతిలో పరీక్షించారు.

ముగ్గురాయి పరిశోధన గురించి మీరు వార్తల్లో చదివే ఉంటారు. పశ్చిమ ఆస్ట్రేలియా పిల్బరా ప్రాంతంలో డ్రెస్సర్ ఫార్మేషన్ అనే 348 కోట్ల ఏళ్ల నాటి శిలాసముదాయం ఉంది. అందులో స్ట్రొమటొలైట్లు (సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన రాతి నిర్మాణాలు), చెర్ట్, ముగ్గురాయి అంటే బేరియం సల్ఫేట్ పొరలు పక్కపక్కనే కనిపిస్తాయి. అక్కడి నల్ల ముగ్గురాయిని పగలగొడితే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఇన్ని వందల కోట్ల ఏళ్లుగా స్ఫటికం లోపల చిక్కుకుని ఉన్న హైడ్రోజన్ సల్ఫైడ్ బయటపడుతున్న వాసన అది. హెల్గె మిస్‌బాఖ్ నాయకత్వంలో జర్మనీ పరిశోధకులు ఆ స్ఫటికాల్లోని సూక్ష్మ ద్రవ గుల్లలను విడగొట్టి, అందులోని వాయువులను, అణువులను కొలిచి 2021లో ఫలితాలు ప్రచురించారు. నీరు, కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్‌లతో పాటు ఎసిటిక్ ఆమ్లం, మీథేన్‌థయాల్ కూడా అందులో ఉన్నాయి. ఈ రెండింటికీ అంత ప్రాముఖ్యం ఎందుకంటే, ఇనుము, నికెల్ సల్ఫైడ్ల సమక్షంలో కార్బన్ మోనాక్సైడ్, మీథేన్‌థయాల్ కలిస్తే ఎసిటిక్ ఆమ్లపు చైతన్యవంతమైన థయోఎస్టర్ రూపం ఏర్పడుతుందని హూబర్, వేష్టర్స్‌హాయిజర్ 1997లోనే ప్రయోగశాలలో చూపారు. మన కణాల్లోని ఎసిటైల్ కోఎంజైమ్-ఎ కూడా ఆ జాతి అణువే. అంటే తొలి సూక్ష్మజీవులకు ఆహారంగానో, అంతకు ముందు జీవరసాయనానికి పునాదిగానో పనికొచ్చే అణువులు ఆ వేడినీటిలో నిజంగానే ఉండేవని ఒక ఖనిజం మనకు చూపిస్తోంది.

ముగ్గురాయే ఎందుకు అంత భద్రంగా దాచగలిగింది? అది నీటిలో కరగదు, ఆమ్లాలకు లొంగదు. ఉపరితల వాతావరణం దాన్ని తేలిగ్గా కుళ్లబెట్టలేదు. స్ఫటికం పెరుగుతున్నప్పుడు దాని ముఖాల మీద ఏర్పడే చిన్న గుంటల్లో చుట్టూ ఉన్న ద్రవం నిండి, పైన మరో పొర పెరగగానే మూసుకుపోతుంది. వీటిని ప్రాథమిక గుల్లలు అంటాం. కానీ అదే స్ఫటికం కోటి ఏళ్ల తర్వాత పగిలిందనుకోండి, ఆ పగులులోకి వచ్చిన కొత్త ద్రవం కూడా పగులు అతుక్కునేటప్పుడు గుల్లలుగా చిక్కుకుంటుంది. వీటిని ద్వితీయ గుల్లలు అంటాం. సూక్ష్మదర్శిని కింద ఈ తేడా కళ్లకు కనిపిస్తుంది. ప్రాథమిక గుల్లలు స్ఫటికపు పెరుగుదల వలయాలకు సమాంతరంగా వరుసలు కట్టి ఉంటాయి, లేదా స్ఫటికం మధ్యలో ఒంటరిగా ఉంటాయి. ద్వితీయ గుల్లలు ఆ వలయాలను అడ్డంగా కోస్తూ, ఒకే తలంలో పరచుకుని, కొన్నిసార్లు ఒక స్ఫటికం నుంచి పక్క స్ఫటికంలోకి కూడా సాగిపోతాయి. నమూనాను మెల్లగా ఫోకస్ మార్చుతూ లోతుకు చూసుకుంటూ పోతే, గుల్లల వరుస ఎటు వాలుతోందో, అది ఏ పగులును అనుసరిస్తోందో తెలిసిపోతుంది. ఈ పని చేయకుండా స్ఫటికాన్ని పొడిచేసి లోపలి అణువులను కొలిస్తే, ప్రాథమికం, ద్వితీయం అన్నీ కలిసిపోయి, ఆ కొలతకు వయసు అంటగట్టడం అసాధ్యమవుతుంది. డ్రెస్సర్ శిలల క్వార్ట్జ్ గుల్లల్లో చిక్కిన జినాన్ వాయువు నేటి గాలిలోని జినాన్‌కు భిన్నమైన ఐసోటోపు నిష్పత్తితో, ఆర్కియన్ వాతావరణపు లక్షణంతో ఉందని విడిగా మరో పరిశోధక బృందం చూపింది. అక్కడి గుల్లలు మూసుకునే ఉన్నాయనడానికి అది మంచి ఊతం.

పైరైట్, గార్నెట్, జిర్కాన్‌ల గురించి కూడా ఒకటి రెండు మాటలు చెప్పాలి. డ్రెస్సర్ స్ట్రొమటొలైట్లలో సూక్ష్మ రంధ్రాలతో నిండిన పైరైట్ లోపల సేంద్రియ పదార్థం భద్రంగా ఉందని రఫాయెల్ బామ్‌గార్ట్‌నర్ బృందం 2019లో చూపింది. వాళ్లకు అది కనిపించింది డ్రిల్లింగ్ ద్వారా లోతు నుంచి తీసిన రాతి కడ్డీల్లోనే. ఉపరితలంలోని పైరైట్ ఎప్పుడో తుప్పుపట్టి పోయింది. గ్రీన్‌లాండ్‌లోని ఇసువా శిలలు 370 కోట్ల ఏళ్ల నాటివి, బాగా ఉడికిపోయినవి. అయినా వాటిలోని గార్నెట్ స్ఫటికాలు పెరుగుతూ పెరుగుతూ చుట్టూ ఉన్న కర్బన పొరల్లోని రేణువులను తమలోకి కలిపేసుకున్నాయి. గార్నెట్ లోపలి కర్బనం నైట్రోజన్, ఆక్సిజన్, బహుశా ఫాస్ఫేట్‌తో బంధాలను ఇంకా నిలుపుకుని ఉందని 2017లో హాసెన్‌కామ్ బృందం చెప్పింది. గార్నెట్ లోపలి కర్బన వరుస బయటి అవక్షేప పొరతో తెగకుండా కలిసి ఉండడం ఆ వాదనలో నాకు నచ్చిన భాగం, ఎందుకంటే అది అణువు సాక్ష్యం కాదు, శిల సాక్ష్యం. ఇక పశ్చిమ ఆస్ట్రేలియా జాక్ హిల్స్‌లో ఎలిజబెత్ బెల్ బృందం పదివేలకు పైగా జిర్కాన్ రేణువులను వెదికి, 410 కోట్ల ఏళ్ల వయసున్న ఒకే ఒక్క రేణువులో పగుళ్లు లేని భాగంలో చిక్కిన గ్రాఫైట్‌ను పట్టుకుంది. దాని కర్బన ఐసోటోపు విలువ మైనస్ 24 పర్ మిల్ (వెయ్యిలో వంతులు), జీవపదార్థానికి సరిపోయే సంఖ్యే. అయినా జీవం లేకుండా అలాంటి విలువ రాదని వాళ్లు తెగేసి చెప్పలేదు. ఆ సంయమనం మెచ్చుకోదగ్గది.

ఇక మీ రెండో ప్రశ్న. కొత్తగా ఈ రంగంలోకి వచ్చే ప్రతి ఒక్కరూ పిల్బరా స్టెరేన్ల చరిత్రను క్షుణ్ణంగా తెలుసుకోవాలి. 1999లో జోకెన్ బ్రాక్స్, గ్రాహమ్ లోగన్, రోజర్ బ్యూయిక్, రోజర్ సమ్మన్స్ అక్కడి 270 కోట్ల ఏళ్ల నాటి షేల్‌లో స్టెరేన్లు దొరికాయని ప్రకటించారు. స్టెరేన్లు నిజకేంద్రక జీవుల (కణంలో స్పష్టమైన కేంద్రకం ఉన్నవాటి) కణత్వచాల్లోని స్టెరాల్స్ నుంచి వచ్చేవి, స్టెరాల్ తయారీకి ఆక్సిజన్ కావాలి. అంటే వాతావరణంలోకి ఆక్సిజన్ చేరడానికి 30 కోట్ల ఏళ్ల ముందే ఆక్సిజన్ తయారయ్యేదనీ, నిజకేంద్రక జీవులు అప్పటికే ఉన్నాయనీ అర్థం వచ్చింది. ఆ ఫలితం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. 2008లో బిర్గర్ రాస్ముస్సెన్ బృందం అదే శిలల్లోని కెరోజెన్, గట్టిపడిన బిట్యూమెన్‌ల ఐసోటోపు నిష్పత్తిని సూక్ష్మ స్థాయిలో రాయిలోనే కొలిచింది. ద్రావణిలో వచ్చిన హైడ్రోకార్బన్లు ఆ కెరోజెన్ నుంచి పుట్టినవి కావని తేలింది. ఆ పత్ర రచయితల్లో బ్రాక్స్ కూడా ఒకరు. తన పాత నిర్ధారణను తానే పరీక్షకు పెట్టిన ఆయన తీరును నేను ఎంతో గౌరవిస్తాను. ఆ తర్వాత 2012లో ప్రత్యేకంగా ఈ ప్రశ్న కోసమే, హైడ్రోకార్బన్ మలినాలు చేరకుండా అడుగడుగునా జాగ్రత్తపడుతూ పిల్బరాలో కొత్త బోర్లు వేశారు. ఒకే కడ్డీల ముక్కలను వేర్వేరు ప్రయోగశాలలు విడివిడిగా పరీక్షించాయి. 2015లో కేథరీన్ ఫ్రెంచ్ తదితరుల ఫలితం వచ్చింది: స్టెరేన్లు లేవు. పాత కడ్డీల్లో కనిపించినవి తర్వాత చేరిన పెట్రోలియం మలినాలే.

ఇలాంటి పొరపాటు అణువులకే పరిమితం కాదు. 2007లో జాక్ హిల్స్ జిర్కాన్లలో వజ్రాలు కనిపించాయని ప్రకటన వచ్చింది. 2014లో జరిపిన పరిశీలనలో అవి నమూనాను మెరుగుపెట్టడానికి వాడిన వజ్రపు లేపనం నుంచి పగుళ్లలోకి చేరినవని బయటపడింది. ఇసువా శిలల్లో మరో రకం చిక్కు ఉంది. అక్కడ కొన్ని చోట్ల గ్రాఫైట్ ఏ జీవి నుంచీ రాలేదు, బయటి నుంచీ రాలేదు. ఇనుము కార్బొనేట్ అయిన సిడరైట్ అధిక వేడికి విచ్ఛిన్నమైతే మాగ్నటైట్, కార్బన్ డయాక్సైడ్‌లతో పాటు గ్రాఫైట్ కూడా ఏర్పడుతుంది. మార్క్ వాన్ జూలెన్ బృందం 2002లో దీన్ని వివరంగా చూపింది. కాబట్టి ఖనిజం కర్బనాన్ని దాచడమే కాదు, కొన్నిసార్లు తయారు కూడా చేస్తుందన్నది ఎప్పుడూ మనసులో ఉంచుకోవాలి.

అణువు ఆ కాలానిదేనని రుజువైనా, అది జీవి నుంచి వచ్చిందా అన్నది మరో ప్రశ్న. అట్లాంటిక్ సముద్రం అడుగున అట్లాంటిస్ మాసిఫ్ శిలల్లో, ఇనుము ఎక్కువగా ఉన్న సాపోనైట్ అనే బంకమట్టిలో, జీవం ప్రమేయం లేకుండా ఏర్పడిన ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని బెనెడిక్ట్ మెనెజ్ బృందం 2018లో గుర్తించింది. నీరు, సముద్రగర్భపు ఆలివిన్ శిల కలిసి హైడ్రోజన్‌ను పుట్టించడం, ఆ హైడ్రోజన్ కర్బనాన్ని క్షయకరించడం అక్కడి మూల ప్రక్రియ. దక్షిణాఫ్రికాలోని బార్బర్టన్ ప్రాంతంలో 333 కోట్ల ఏళ్ల నాటి జోసెఫ్స్‌డాల్ చెర్ట్‌లో ఒక పలుచని పొరలోని కర్బనం ఎలక్ట్రాన్ పారామాగ్నెటిక్ రెసొనెన్స్ పరీక్షలో ఉల్కల్లోని కర్బనాన్ని పోలిన సంకేతాలనిచ్చింది. అంతరిక్షం నుంచి రాలిన సేంద్రియ పదార్థం కూడా భూమి రాళ్లలో భద్రంగా ఉండగలదని దీన్నిబట్టి తెలుస్తోంది. తొలి భూమి కర్బనం మూడు దారుల్లో వచ్చి ఉండవచ్చు కనుక, ఒక్క ఐసోటోపు విలువను పట్టుకుని జీవం అని ప్రకటించడం తొందరపాటు. తేలికైన కర్బనాన్ని ఎన్నుకోవడం జీవులు చేస్తాయి, కొన్ని అజైవ చర్యలూ చేస్తాయి.

పని ఎలా మొదలుపెట్టాలో ఇప్పుడు చెబుతాను. మొదట రాతి పలుచని సెక్షన్ తయారుచేసి పెట్రోగ్రఫీ, అంటే సూక్ష్మదర్శిని కింద శిల పరిశీలన, చేయండి. కర్బనం ఖనిజ రేణువుల లోపల ఉందా, వాటి సరిహద్దుల వెంట ఉందా, పగుళ్లలో ఉందా అని చూడండి. పగుళ్లలో ఉన్నదాన్ని అక్కడికక్కడే పక్కన పెట్టండి. తర్వాత రామన్ స్పెక్ట్రోస్కోపీ. సుమారు 1350 సెం.మీ.⁻¹ దగ్గర వచ్చే డి శిఖరం, 1580 నుంచి 1600 సెం.మీ.⁻¹ మధ్య వచ్చే జి శిఖరం ఆకారాలను బట్టి ఆ కర్బనం ఎంత వేడిని చూసిందో అంచనా కట్టవచ్చు. కర్బనం చూసిన ఉష్ణోగ్రత శిల చూసిన గరిష్ఠ ఉష్ణోగ్రత కంటే తక్కువైతే ఆ కర్బనం తర్వాత వచ్చి చేరిందని అర్థం. పరీక్షల్లో ఇంత చవకైనదీ ఇంత నిక్కచ్చైనదీ మరొకటి లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం మరవకండి. మెరుగుపెట్టినప్పుడు ఉపరితలం మీది గ్రాఫైట్ నిర్మాణం చెదిరిపోతుంది కాబట్టి, పారదర్శక ఖనిజం లోపల, ఉపరితలానికి దిగువన ఉన్న రేణువు మీదే లేజర్‌ను కేంద్రీకరించాలి.

ద్రావణితో అణువులను తీసే దశకు వస్తే, శుభ్రత విషయంలో అతి అనిపించేంత జాగ్రత్త అవసరం. గాజు పాత్రలను, అల్యూమినియం రేకును 450 డిగ్రీలకు పైగా కొన్ని గంటలు కాల్చి వాడతారు. ప్లాస్టిక్ సంచిలో పెట్టిన నమూనాలోకి థాలేట్లు చేరతాయి, మార్కర్ పెన్ను సిరా చేరుతుంది, జీపు పొగలోని బహువలయ హైడ్రోకార్బన్లు చేరతాయి. అందుకే రాయిని క్షేత్రంలోనే కాల్చిన రేకులో చుట్టాలి. ప్రయోగశాలలో రాయి బయటి భాగాన్ని కోసి, బయటి ముక్కలను, లోపలి ముక్కలను విడిగా కొలవాలి. బయట ఎక్కువ, లోపల తక్కువ ఉన్న అణువు బయటి నుంచి ఇంకినదే. ప్రతి విడత నమూనాలతో పాటు, కాల్చిన ఇసుకను ఖాళీ నమూనాగా అవే దశలన్నీ దాటించాలి. ఆ ఖాళీ నమూనాలో ఏమి కనిపించిందో పత్రంలో చూపని ఫలితాన్ని నేను పరిగణనలోకి తీసుకోను. సిలికేట్ ఖనిజాలను కరిగించడానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడాల్సి వస్తే, శిక్షణ పొందినవారి సమక్షంలో, టెఫ్లాన్ పాత్రల్లో, కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికి అందేంత దగ్గర ఉంచుకుని మాత్రమే చేయండి. ఆ ఆమ్లం చర్మం మీద పడిన వెంటనే నొప్పి తెలియకపోవచ్చు, కానీ లోపలి ఎముక వరకు చేరి ప్రాణాపాయం తెస్తుంది.

ఇక కడప విషయం. వేంపల్లె ఫార్మేషన్‌లో చక్కటి స్ట్రొమటొలైట్లు ఉన్నాయి. దాని పైన ఉన్న తాడిపత్రి పొరల్లోకి చొచ్చుకొచ్చిన పులివెందుల సిల్ (పొరల మధ్య పలకలా గడ్డకట్టిన శిలాద్రవం) వయసు సుమారు 189 కోట్ల ఏళ్లు కాబట్టి, వేంపల్లె శిలలు అంతకంటే పాతవి. తొలి భూమి అని మనం పిలిచే ఆర్కియన్ కాలం 250 కోట్ల ఏళ్ల కిందటే ముగిసింది కనుక, కడప శిలలు నేరుగా ఆ ప్రశ్నకు సమాధానం ఇవ్వవు. కానీ పద్ధతి నేర్చుకోవడానికి అంతకంటే అనువైన చోటు మీకు దగ్గరలో దొరకదు. అక్కడి శిలలు చాలా ఆర్కియన్ శిలలంత ఉడకలేదు. అయితే సిల్‌లకు ఆనుకుని ఉన్న డోలోమైట్ మాత్రం బాగా కాలింది కాబట్టి, సిల్ నుంచి దూరం పెరిగే కొద్దీ వరుసగా నమూనాలు తీసుకుని, రామన్ స్పెక్ట్రమ్‌లో కర్బనం ఎలా మారుతోందో చూపినా అది సొంతంగా ఒక మంచి డిసర్టేషన్ అవుతుంది.

మంగంపేట ముగ్గురాయి నిక్షేపం ప్రపంచంలోనే అతిపెద్ద వాటిలో ఒకటి, అది కూడా ఆర్కియన్ తర్వాతి ప్రొటెరోజోయిక్ కాలానిదే. డ్రెస్సర్‌తో దాని వయసు కలవదు, ఏర్పడిన తీరు కూడా అదేనని ముందే అనుకోకూడదు. కానీ ఆ స్ఫటికాల్లోని ద్రవ గుల్లలను ప్రాథమికం, ద్వితీయం అని విడదీసి, అతినీలలోహిత కాంతిలో మెరిసే హైడ్రోకార్బన్ గుల్లలు ఏ వరుసలో ఉన్నాయో గుర్తించి, ఒక్కో తరం గుల్లలు ఏ ఉష్ణోగ్రత దగ్గర ఏకరూపమవుతాయో (లోపలి ద్రవం, బుడగ ఒకటిగా కలిసిపోతాయో) కొలవడం మీ విభాగంలోని హీటింగ్ స్టేజ్ ఉన్న సూక్ష్మదర్శినితోనే చేయవచ్చు. నిజమైన ఆర్కియన్ ముగ్గురాయే కావాలనుకుంటే, కర్ణాటకలోని చిత్రదుర్గ జిల్లా ఘట్టిహొసహళ్లి దగ్గర సుమారు 320 కోట్ల ఏళ్ల నాటి సర్గూర్ సముదాయపు ముగ్గురాయి పొరలు ఉన్నాయి. అక్కడి శిలలు తీవ్రమైన రూపాంతరీకరణ చూశాయి కాబట్టి, స్ఫటికాలు మళ్లీ పెరిగి పాత గుల్లలను ఎంతవరకు చెరిపేశాయో ముందు తేల్చుకోవాలి. అక్కడికి వెళ్లేముందు మంగంపేట నమూనాల మీద ఒక పూర్తి ఏడాది సూక్ష్మదర్శిని పని చేయమని నా సలహా. గుల్లల తరాలను కంటితో విడదీయడం చేతికి వచ్చాక, ద్రావణులు, స్పెక్ట్రోమీటర్లు ఉన్న పెద్ద ప్రయోగశాలకు ఏ స్ఫటికాలను పంపాలో, ఏవి పంపనవసరం లేదో మీరే నిర్ణయించుకోగలరు.